వీఎస్ కోడ్ రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్: టెర్మినల్‌లో కీ పనిచేస్తోంది, ఎడిటర్ మాత్రం పాస్‌వర్డ్ అడుగుతోంది

గోదావరి_గట్టు · శుక్రవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మూడు రోజులుగా దీంతోనే కుస్తీ పడుతున్నాను, ఇక నా వల్ల కాక ఇక్కడ అడుగుతున్నాను.

నేను రాజమండ్రిలో ఇంటి నుంచే పని చేస్తాను. కోడ్ నడిచే సర్వర్ హైదరాబాద్ ఆఫీసులో ఉంది, ఉబుంటు 22.04. రోజూ రాత్రి రెండింటికి అందులో ఒక పైథాన్ ప్రోగ్రాం మొదలై బిల్లుల ఫైళ్లన్నీ చదివి లెక్క తేల్చాలి. వారానికి రెండు మూడు సార్లు అది మధ్యలో ఎక్కడో ఆగిపోతోంది. ఎర్రర్ రాదు, ప్రోగ్రాం చావదు, ముందుకూ పోదు, పొద్దున నేను లేచేసరికి అలాగే నిలబడి ఉంటుంది. నా లాప్‌టాప్‌లో ఎన్నిసార్లు నడిపినా ఒక్కసారి కూడా ఆగలేదు, అందుకే వీఎస్ కోడ్ ఎడిటర్‌లో రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్ ఎక్స్‌టెన్షన్ (ఎస్‌ఎస్‌హెచ్ అంటే దూరంలోని సర్వర్‌లోకి భద్రంగా లాగిన్ అయ్యే పద్ధతి) వేసుకుని సర్వర్ మీదే డీబగ్గర్ (ప్రోగ్రాంని లైను లైనుగా ఆపి చూసే టూల్) పెట్టి చూద్దామనుకున్నాను.

లాప్‌టాప్ విండోస్ 11, అందులో డబ్ల్యూఎస్‌ఎల్ (విండోస్ లోపలే లినక్స్ నడిపే సదుపాయం) ఉబుంటు. ఆ ఉబుంటు టెర్మినల్‌లో కీ (పాస్‌వర్డ్ బదులు వాడే ఫైలు) తయారు చేసి సర్వర్‌కి పంపాను. అక్కడి నుంచి లాగిన్ అయితే పాస్‌వర్డ్ అడగకుండా లోపలికి వెళ్తోంది. అదే సర్వర్‌కి వీఎస్ కోడ్ నుంచి వెళ్తే మాత్రం పాస్‌వర్డ్ అడుగుతోంది, అదీ ఒక్కసారి కాదు, ఫోల్డర్ తెరిస్తే మళ్లీ, విండో రీలోడ్ అయితే మళ్లీ. పాస్‌వర్డ్ ఇవ్వకుండా వదిలేస్తే పర్మిషన్ డినైడ్, అంటే అనుమతి లేదు, అని వస్తోంది.

అసలు టెన్షన్ ఏంటంటే, సోమవారం నుంచి పాస్‌వర్డ్ లాగిన్ ఆపేస్తామని మా అడ్మిన్ చెప్పారు. అప్పటికి ఇది కుదరకపోతే నాకు ఎడిటర్ నుంచి దారే ఉండదు. సర్వర్‌లో నాకు సూడో, అంటే అడ్మిన్ పనులు చేసే హక్కు, ఉంది. ఏం పంపమంటే అది పంపుతాను.

కోనసీమ_కోడర్ · శుక్రవారం, రాత్రి 9:58

పర్మిషన్ డినైడ్ అని వస్తోందంటే ఫైల్ పర్మిషన్ల గొడవే అయ్యుంటుంది. సర్వర్‌లో మీ హోమ్ ఫోల్డర్ మొత్తానికి సీహెచ్‌మాడ్ 777, అంటే అందరికీ చదివే, రాసే, నడిపే హక్కు, ఇచ్చి చూడండి. నాకు వెబ్‌సైట్ ఫోల్డర్‌తో ఇలాంటి ఇబ్బంది వస్తే అలాగే పోయింది.

గోదావరి_గట్టు · శుక్రవారం, రాత్రి 10:14

ఇచ్చాను. ఇప్పుడు ఇంకా ఘోరం, ఇందాకటి దాకా పనిచేసిన ఉబుంటు టెర్మినల్ కూడా పాస్‌వర్డ్ అడుగుతోంది! నా కీ సరిగ్గా ఉందో లేదో ఎవరైనా చూస్తారని కింద పెడుతున్నాను.

[ఇక్కడ ఉన్న ప్రైవేట్ కీని తొలగించాం. - మోడరేటర్]

మేడమీద_సర్వర్ · శుక్రవారం, రాత్రి 10:17

గట్టు గారూ, మీరు పెట్టింది ప్రైవేట్ కీ. మిగతావన్నీ పక్కన పెట్టి ముందు ఈ పని చేయండి.

పాస్‌వర్డ్‌తో సర్వర్‌లోకి వెళ్లి, మీ హోమ్‌లో డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో ఉన్న ఆథరైజ్డ్ కీస్ ఫైలు (సర్వర్ ఒప్పుకునే కీల జాబితా) తెరిచి, ఆ కీకి సంబంధించిన లైను తీసేయండి. ఇదే కీని వేరే సర్వర్లలో గానీ గిట్ ఖాతాలో గానీ పెట్టి ఉంటే అక్కడా తీసేయండి. పోస్టు తీసేశారు కదా చాలులే అనుకోవద్దు, మూడు నిమిషాలు అందరికీ కనిపించింది, ఎవరు కాపీ చేసుకున్నారో మనకి తెలియదు. ఆ కీ ఇక చచ్చినట్టే లెక్క.

తేడా ఎలా తెలుస్తుందంటే: పబ్లిక్ కీ ఒకే ఒక్క లైను, ఫైలు పేరు చివర డాట్ పబ్ అని ఉంటుంది, దాన్ని ఎవరికి చూపించినా నష్టం లేదు. ప్రైవేట్ కీ చాలా లైన్లు ఉంటుంది, పైన బిగిన్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ప్రైవేట్ కీ అని రాసి ఉంటుంది. అది మీ మెషిన్ దాటి బయటికి రాకూడదు. లాగిన్ అయ్యేటప్పుడు కూడా అది సర్వర్‌కి వెళ్లదు. మీ మెషినే దాంతో ఒక సంతకం చేసి పంపుతుంది, సర్వర్ తన దగ్గరున్న పబ్లిక్ కీతో ఆ సంతకం సరిపోయిందో లేదో చూసుకుంటుంది, అంతే. కాబట్టి సాయం చేస్తాను, ప్రైవేట్ కీ పంపమని ఎవరైనా అడిగితే, నేను అడిగినా సరే, పంపకండి.

గోదావరి_గట్టు · శుక్రవారం, రాత్రి 10:31

తీసేశాను. గిట్‌లో కూడా అదే కీ ఉంది, అక్కడా తీసేశాను. చేతులు వణికాయి నిజంగా. చాలా థాంక్స్ అండీ.

మేడమీద_సర్వర్ · శుక్రవారం, రాత్రి 10:52

మంచి పని చేశారు. ఇప్పుడు నెమ్మదిగా చూద్దాం. కమాండ్ల పేర్లు తెలుగులో రాస్తున్నాను, టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టండి.

మీకు రెండు వేర్వేరు సమస్యలున్నాయి. ఎడిటర్ పాస్‌వర్డ్ అడగడం మొదటిది, దాని సంగతి తర్వాత. ఇప్పుడు టెర్మినల్ కూడా అడగడం రెండోది, ఇది 777 వల్ల వచ్చింది. రెంటికీ బయటికి కనిపించే మాట మాత్రం ఒకటే, పర్మిషన్ డినైడ్. ఆ మాట చూసి కారణం ఊహించబోతే ఎప్పటికీ తేలదు. ఎందుకు కాదన్నదో సర్వర్ కావాలనే మీకు చెప్పదు. తలుపు తట్టిన మనిషి ఎవరో తేలకముందే ఇంట్లో సంగతులు చెప్పరు కదా. కానీ కారణాన్ని తన లాగ్‌లో రాసుకుంటుంది. మీకు సూడో ఉంది కాబట్టి మీరు దాన్ని చదవగలరు.

పాస్‌వర్డ్‌తో తెరిచిన ఒక విండోలో వార్ ఫోల్డర్, దానిలో లాగ్ ఫోల్డర్, అందులో ఆథ్ డాట్ లాగ్ అనే ఫైలు ఉంటుంది. సూడో టెయిల్ మైనస్ ఎఫ్ అని కొట్టి ఆ ఫైలును పారుతుండగా చూడండి. ఇంకో విండోలోంచి కీతో లాగిన్ అవ్వడానికి ప్రయత్నించండి. ఇందుకు కొత్త కీ కావాలి, డబ్ల్యూఎస్‌ఎల్‌లోనే ఇంకోటి చేసుకుని పంపండి. ఈసారి ఆ కీ ఫైలుకి పాస్‌ఫ్రేజ్, అంటే దాని సొంత పాస్‌వర్డ్, పెట్టండి. ఆ క్షణంలో లాగ్‌లో పడిన లైన్లు ఇక్కడ రాయండి.

గోదావరి_గట్టు · శుక్రవారం, రాత్రి 11:20

ఇదిగోండి, ప్రయత్నించిన ప్రతిసారీ ఇదే లైను:

ఆథెంటికేషన్ రెఫ్యూజ్డ్: బ్యాడ్ ఓనర్‌షిప్ ఆర్ మోడ్స్ ఫర్ డైరెక్టరీ, ఆ తర్వాత నా హోమ్ ఫోల్డర్ పేరు.

మూడు రోజులు నేను చూస్తూ కూర్చున్నదంతా లాప్‌టాప్ వైపే. సర్వర్ ఇంత స్పష్టంగా రాసి పెట్టుకుంటుందని నాకు తెలియనే తెలియదు.

మేడమీద_సర్వర్ · శుక్రవారం, రాత్రి 11:41

అదే. ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌లో స్ట్రిక్ట్ మోడ్స్ అనే సెట్టింగ్ ఉంటుంది, మనం ఏమీ ముట్టుకోకపోతే అది ఆన్‌లోనే ఉంటుంది. ఆథరైజ్డ్ కీస్ ఫైలు, డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్, హోమ్ ఫోల్డర్, ఈ మూడింటిలో దేన్నైనా మీరు గాక వేరేవాళ్లు రాయగలిగేలా ఉంటే ఆ ఫైలును నమ్మదు. ఎందుకంటే 777 ఉన్న హోమ్‌లోకి ఆ సర్వర్‌లోని ఇంకో యూజర్ ఎవరైనా వచ్చి, డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్ పేరు మార్చి, తన కీ ఉన్న ఫోల్డర్ పెట్టి, మీ పేరుతో లోపలికి రావచ్చు. కాబట్టి వద్దనడమే సరైన పని. దాన్ని దాటడానికి స్ట్రిక్ట్ మోడ్స్ ఆపేయమని కొన్ని చోట్ల రాస్తారు, ఆ పని మాత్రం చేయకండి.

సరిచేయడం ఇలా. ముందు మీ హోమ్ మొత్తం మీద సీహెచ్‌మాడ్ మైనస్ క్యాపిటల్ ఆర్, జీఓ మైనస్ డబ్ల్యూ, అంటే గ్రూపుకీ ఇతరులకీ రాసే హక్కు తీసేయడం. తర్వాత హోమ్ ఫోల్డర్‌కి 750, డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌కి 700, ఆథరైజ్డ్ కీస్‌కి 600. ఉబుంటులో 21.04 నుంచి కొత్త యూజర్ల హోమ్‌కి 750 మామూలే, మీదీ మొదట అదే అయ్యుంటుంది.

ఇంకొకటి, 777 వల్ల ప్రతి ఫైలుకీ ఎగ్జిక్యూట్ బిట్ కూడా వచ్చేసింది. హోమ్‌లో గిట్ రిపోజిటరీ ఉంటే గిట్ స్టేటస్ కొట్టండి, ముట్టుకోని ఫైళ్లన్నీ మారినట్టు చూపిస్తుంది. గిట్ డిఫ్‌లో ఓల్డ్ మోడ్ 100644, న్యూ మోడ్ 100755 అని ఉంటే కంగారుపడి కమిట్ చేసేయకండి, ఆ బిట్ తీసేస్తే సరిపోతుంది.

కోనసీమ_కోడర్ · శుక్రవారం, రాత్రి 11:55

తప్పు నాది, క్షమించండి గట్టు గారూ. వెబ్‌సైట్ ఫోల్డర్‌కి పనిచేసింది కదా అని అన్నిటికీ అదే మందు అనుకున్నాను. ఇక్కడ వదులుగా ఉండటమే సర్వర్‌కి అభ్యంతరమని నాకు ఇవాళే తెలిసింది. రేపు మా సర్వర్‌లో ఆ వెబ్‌సైట్ ఫోల్డర్ కూడా సరిచేస్తాను.

గోదావరి_గట్టు · శనివారం, ఉదయం 7:10

కోడర్ గారూ, మీరు సాయం చేద్దామనే చెప్పారు, ఏం పరవాలేదు. మేడమీద గారు చెప్పినట్టే చేశాను, టెర్మినల్ మళ్లీ మామూలైంది. గిట్‌లో నిజంగానే 340 ఫైళ్లు మారినట్టు చూపించింది, అన్నీ వెనక్కి తెచ్చాను.

ఇక అసలు సమస్యకి వస్తే, వీఎస్ కోడ్ ఇప్పటికీ పాస్‌వర్డే అడుగుతోంది. అలా అడిగేటప్పుడు సర్వర్ లాగ్ చూశాను, ఈసారి ఆథెంటికేషన్ రెఫ్యూజ్డ్ అన్న లైనే లేదు.

నైట్‌షిఫ్ట్_నల్గొండ · శనివారం, ఉదయం 8:02

లాగ్‌లో తిరస్కరించిన లైను కూడా లేదంటే అసలు కీ సర్వర్ దాకా రాలేదేమో చూడాలి. విండోస్ వాడేవాళ్లలో చాలామంది ఇక్కడే పడతారు, నేనూ పడ్డాను.

మీ లాప్‌టాప్ ఒకటే కానీ అందులో రెండు ఇళ్లున్నాయి. డబ్ల్యూఎస్‌ఎల్ ఉబుంటు హోమ్ వేరు, విండోస్‌లో సీ డ్రైవ్‌లో యూజర్స్ కింద మీ పేరుతో ఉన్న ఫోల్డర్ వేరు. 2018 నుంచి విండోస్ 10లోనే ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ క్లయింట్ వస్తోంది. వీఎస్ కోడ్ మీరు విండోస్‌లో వేసుకున్నారు కాబట్టి అది ఆ విండోస్ ఎస్‌ఎస్‌హెచ్‌నే పిలుస్తుంది, అది విండోస్ వైపున్న డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లోనే కీ కోసం వెతుకుతుంది. మీరు కీ చేసింది ఉబుంటు ఇంట్లో. అక్కడి తాళంచెవి ఇక్కడి వాళ్లకి ఎలా దొరుకుతుంది?

నమ్మకం కుదరాలంటే పవర్‌షెల్ తెరిచి (విండోస్ సొంత కమాండ్ విండో, ఉబుంటు టెర్మినల్ కాదు) ఎస్‌ఎస్‌హెచ్ మైనస్ వి అని పెట్టి సర్వర్‌కి వెళ్లండి. పొడుగ్గా వస్తుంది, అందులో ఐడెంటిటీ ఫైల్ అని మొదలయ్యే లైన్లు చూడండి. చివర టైప్ మైనస్ 1 అని ఉంటే ఆ పేరుతో ఫైలు దొరకలేదని అర్థం. కీ దొరికి సర్వర్‌కి చూపిస్తే ఆఫరింగ్ పబ్లిక్ కీ అని వస్తుంది, సర్వర్ ఒప్పుకుంటే సర్వర్ యాక్సెప్ట్స్ కీ అని వస్తుంది. ఈ రెండు లైన్లలో ఏది వచ్చింది, ఏది రాలేదు అన్నదే మొత్తం కథ.

గోదావరి_గట్టు · శనివారం, ఉదయం 8:30

అన్నీ టైప్ మైనస్ 1! ఒక్క ఆఫరింగ్ కూడా లేదు. అంటే మూడు రోజులు కీ లేకుండానే తలుపు కొట్టాను. ఉబుంటులో ఉన్న కీనే విండోస్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకోవచ్చా?

నైట్‌షిఫ్ట్_నల్గొండ · శనివారం, ఉదయం 8:55

చేయొచ్చు గానీ నేనైతే చేయను. కాపీ చేసిన ఫైలును విండోస్‌లో ఇతర యూజర్లు చదవగలిగేలా ఉంటే అన్‌ప్రొటెక్టెడ్ ప్రైవేట్ కీ ఫైల్ అని పెద్ద హెచ్చరిక ఇచ్చి ఆ కీని పట్టించుకోదు, అప్పుడు ఫైల్ ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీకి వెళ్లి ఇన్‌హెరిటెన్స్ ఆపి మీ పేరొక్కటే ఉంచాలి. దానికంటే పవర్‌షెల్‌లో కొత్త కీ చేసుకోవడం తేలిక. ఒక చోటికి ఒక కీ ఉంటే రేపు లాప్‌టాప్ పోయినా ఆ ఒక్క లైనే తీసేస్తాం.

ఎస్‌ఎస్‌హెచ్ కీజెన్ మైనస్ టి ఈడీ25519 అని కొట్టండి. ఈ రకం 2014లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 6.5 నుంచి ఉంది, మీ ఉబుంటుకి ఏ ఇబ్బందీ లేదు.

విండోస్‌లో ఎస్‌ఎస్‌హెచ్ కాపీ ఐడీ ఉండదు. డాట్ పబ్ ఫైలులోని ఒక్క లైనును కాపీ చేసి, సర్వర్‌లో నానోతో ఆథరైజ్డ్ కీస్ తెరిచి, చివర కొత్త లైనులో పేస్ట్ చేయండి. మధ్యలో విరగకూడదు. పవర్‌షెల్‌లో బాణం గుర్తుతో ఫైలు తయారు చేసి పంపే తెలివితేటలు మాత్రం వద్దు, పాత పవర్‌షెల్ 5.1 దాన్ని యూటీఎఫ్ 16లో రాస్తుంది, కంటికి అంతా బాగానే కనిపిస్తుంది, సర్వర్‌కి ఒక్క ముక్క అర్థం కాదు. నాకు దీని మీద ఒక ఆదివారం మొత్తం పోయింది.

తర్వాత విండోస్ డాట్ ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్‌లో కాన్ఫిగ్ ఫైలు. హోస్ట్ అని మీకు నచ్చిన చిన్న పేరు, హోస్ట్‌నేమ్ దగ్గర సర్వర్ చిరునామా, యూజర్ దగ్గర సర్వర్‌లోని మీ పేరు, ఐడెంటిటీ ఫైల్ దగ్గర ఆ కీ దారి. నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేస్తే అది చెప్పకుండా డాట్ టీఎక్స్‌టీ తగిలిస్తుంది, ఎక్స్‌ప్లోరర్‌లో ఆ తోక కనిపించదు, చూసుకోండి.

డల్లాస్_తెలుగు · శనివారం, ఉదయం 9:25

ఇక్కడ శుక్రవారం రాత్రి, పడుకోబోతూ చదివాను. ఆ కాన్ఫిగ్‌లో ఐడెంటిటీస్ ఓన్లీ యెస్ అన్న లైను కూడా కలపండి. నా ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్‌లో (కీలను గుర్తుపెట్టుకునే ప్రోగ్రాం) క్లయింట్ల కీలు ఎనిమిది దాకా పోగయ్యాయి. ఎస్‌ఎస్‌హెచ్ వాటిని ఒక్కొక్కటిగా చూపిస్తూ పోయింది. సర్వర్‌లో మ్యాక్స్ ఆథ్ ట్రైస్, అంటే ఎన్ని ప్రయత్నాలు ఒప్పుకుంటుందన్న పరిమితి, మామూలుగా 6, అసలు కీ వంతు రాకముందే టూ మెనీ ఆథెంటికేషన్ ఫెయిల్యూర్స్ అని గెంటేసింది. కీ సరైనదే, వరసలో వెనక పడింది. ఆ లైను ఉంటే మీరు చెప్పిన కీ తప్ప ఇంకోటి చూపించదు.

పలక_బలపం · శనివారం, ఉదయం 10:40

మధ్యలో వస్తున్నాను, క్షమించండి. బీటెక్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి రాస్ప్‌బెర్రీ పై కొన్నాను. యూట్యూబ్‌లో చూపించినట్టే పై అనే యూజర్‌తో వెళ్తున్నాను, కీ చూపిస్తోంది, ఒప్పుకోవడం లేదు. పాస్‌వర్డ్ రాస్ప్‌బెర్రీ అని కొట్టినా వెళ్లడం లేదు. నాదీ పర్మిషన్లేనా?

మేడమీద_సర్వర్ · శనివారం, ఉదయం 11:05

తమ్ముడూ, నువ్వు చూసిన వీడియో పాతది. 2022 ఏప్రిల్ నుంచి రాస్ప్‌బెర్రీ పై ఓఎస్‌లో పై అనే రెడీమేడ్ యూజర్‌ని తీసేశారు. కార్డు రాసేటప్పుడు ఇమేజర్‌లో నువ్వు ఏ పేరు పెట్టావో అదే యూజర్. లేని యూజర్ పేరు పెట్టినా సర్వర్ ఆ యూజర్ లేడని చెప్పదు, అదే పర్మిషన్ డినైడ్ అంటుంది. పేరు గుర్తులేకపోతే కార్డు మళ్లీ రాసేయ్, అదే సెట్టింగుల్లో నీ పబ్లిక్ కీ కూడా పెట్టొచ్చు.

పలక_బలపం · శనివారం, మధ్యాహ్నం 12:15

మా చెల్లి పేరు పెట్టానన్నా, మర్చేపోయాను. వెళ్లింది! థాంక్యూ అన్నా.

గోదావరి_గట్టు · శనివారం, మధ్యాహ్నం 1:30

నాకూ వెళ్లింది. పవర్‌షెల్‌లో ముందు చూశాను, ఆఫరింగ్ వచ్చింది, దాని కిందే యాక్సెప్ట్స్ వచ్చింది. కాన్ఫిగ్ నిజంగానే డాట్ టీఎక్స్‌టీగా సేవ్ అయింది, పేరు మార్చాను.

ఒకటే చిక్కు, కీకి పాస్‌ఫ్రేజ్ పెట్టాను కదా, ఇప్పుడు వీఎస్ కోడ్ ప్రతిసారీ దాన్ని అడుగుతోంది.

నైట్‌షిఫ్ట్_నల్గొండ · శనివారం, మధ్యాహ్నం 2:10

దానికే ఏజెంట్ ఉంది. విండోస్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ ఆథెంటికేషన్ ఏజెంట్ అనే సర్వీసు ఉంటుంది, మామూలుగా డిసేబుల్డ్‌లో ఉంటుంది. సర్వీసెస్ తెరిచి దాన్ని ఆటోమేటిక్ చేసి స్టార్ట్ చేయండి. తర్వాత పవర్‌షెల్‌లో ఎస్‌ఎస్‌హెచ్ యాడ్ అని ఒక్కసారి కొట్టి పాస్‌ఫ్రేజ్ ఇవ్వండి, మళ్లీ అడగదు.

ఇది చదివే విండోస్ సర్వర్ వాళ్లకి ఒక మాట. మీరు కనెక్ట్ అయ్యే అవతలి మెషిన్ కూడా విండోసే అయి, మీ యూజర్ అడ్మినిస్ట్రేటర్స్ గ్రూపులో ఉంటే, హోమ్‌లో ఉన్న ఆథరైజ్డ్ కీస్‌ని అది చూడదు. ప్రోగ్రాం డేటాలో ఎస్‌ఎస్‌హెచ్ ఫోల్డర్ కింద అడ్మినిస్ట్రేటర్స్ ఆథరైజ్డ్ కీస్ అని వేరే ఫైలు ఉంటుంది, కీ అందులో పెట్టాలి. అలాగే సెంట్‌ఓఎస్ 7 లాంటి పాత సర్వర్లు ఇంకా వాడేవాళ్లు, కీ ఒప్పుకున్నాక కూడా వీఎస్ కోడ్ ఆగిపోతే కీ మీద పడకండి. వీఎస్ కోడ్ 2025 మార్చి వెర్షన్ 1.99 నుంచి సర్వర్ వైపు జీలిబ్‌సీ (లినక్స్ ప్రోగ్రాంలు వాడుకునే మూల లైబ్రరీ) 2.28 ఉండాలి, సెంట్‌ఓఎస్ 7లో ఉన్నది 2.17.

గోదావరి_గట్టు · సోమవారం, ఉదయం 11:15

మళ్లీ నేనే. శని, ఆదివారాలు హాయిగా పనిచేసింది. ఇవాళ పొద్దున అడ్మిన్ గారు పాస్‌వర్డ్ లాగిన్ ఆపి, ఇంకా ఏవో సెక్యూరిటీ మార్పులు చేశారట. ఇప్పుడు టెర్మినల్‌లో కీతో వెంటనే వెళ్తున్నాను, వీఎస్ కోడ్ మాత్రం కనెక్ట్ అవుతూనే ఉండి చివరికి కుదరలేదంటోంది. భయపడకుండా ఈసారి నేనే లాగ్ చూశాను. సర్వర్‌లో యాక్సెప్టెడ్ పబ్లిక్ కీ అని ఉంది. వీఎస్ కోడ్ అవుట్‌పుట్ ప్యానెల్‌లో రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్ ఎంచుకుంటే ఓపెన్ ఫెయిల్డ్, అడ్మినిస్ట్రేటివ్‌లీ ప్రొహిబిటెడ్ అని ఉంది. కీ బాగానే ఉంది, ఇంకేదో అడ్డుపడుతోందని అర్థమైంది. అది ఏంటి?

మేడమీద_సర్వర్ · సోమవారం, ఉదయం 11:40

సరిగ్గా పట్టుకున్నారు. మీ అడ్మిన్ గారు అలౌ టీసీపీ ఫార్వర్డింగ్ నో అని, అంటే ఎస్‌ఎస్‌హెచ్ లోపలి నుంచి వేరే కనెక్షన్లు పోనివ్వద్దని, పెట్టి ఉంటారు. రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్ చేసేది వట్టి లాగిన్ కాదు, లోపలికి వెళ్లి సర్వర్‌లో తన సొంత చిన్న సర్వర్‌ని లేపి, మీ ఎడిటర్ దాంతో ఆ ఎస్‌ఎస్‌హెచ్ గొట్టంలోంచే మాట్లాడుతుంది. ఫార్వర్డింగ్ మూసేస్తే గొట్టం మూసినట్టే.

సూడో ఎస్‌ఎస్‌హెచ్‌డీ మైనస్ క్యాపిటల్ టి కొట్టండి, ఫైళ్లలో ఎవరు ఏం రాశారన్నది కాకుండా సర్వర్ చివరికి ఏ సెట్టింగులు తీసుకుందో అన్నీ చూపిస్తుంది. అందులో పాస్‌వర్డ్ ఆథెంటికేషన్ లైను కూడా ఒకసారి చూడండి. ఉబుంటు 22.04లో అసలు కాన్ఫిగ్ పైభాగంలోనే ఇంకో ఫోల్డర్‌లోని ఫైళ్లు కలుస్తాయి, ఒకే సెట్టింగ్ రెండు చోట్ల ఉంటే ముందు చదివిందే చెల్లుతుంది. అక్కడ 50 క్లౌడ్ ఇనిట్ అనే ఫైలులో యెస్ అని ఉంటే, కింద ఎన్నిసార్లు నో అని రాసినా పాస్‌వర్డ్ తలుపు తెరిచే ఉంటుంది.

ఫార్వర్డింగ్ సంగతి మీ అడ్మిన్ గారితోనే మాట్లాడి చేయించండి, మీకు సూడో ఉందని మీరే మార్చకండి. డెవలపర్ల గ్రూపుకి ఒక మ్యాచ్ గ్రూప్ బ్లాక్ రాసి అందులో మాత్రం యెస్ అని పెట్టొచ్చు. ఆ బ్లాక్ ఫైలు చివర ఉండాలి, దాని కింద రాసినవన్నీ దానికే చెందుతాయి. రీస్టార్ట్ చేసే ముందు ఎస్‌ఎస్‌హెచ్‌డీ మైనస్ చిన్న టి తో తప్పులున్నాయేమో చూసుకోమనండి, పాత విండో ఒకటి తెరిచే ఉంచుకోమనండి. ఏదైనా తేడా వస్తే వెనక్కి మార్చడానికి ఆ విండోనే దిక్కు.

గోదావరి_గట్టు · సోమవారం, సాయంత్రం 4:20

అడ్మిన్ గారికి ఈ చర్చే చూపించాను. ఫార్వర్డింగ్ మీరన్నదే. పాస్‌వర్డ్ సంగతి కూడా, ఆపేశామనుకున్నారు గానీ ఆ 50 క్లౌడ్ ఇనిట్ ఫైలు వల్ల ఇంకా తెరిచే ఉంది. ఆయన వెంటనే సరిచేశారు, మీకు థాంక్స్ చెప్పమన్నారు.

ఇక డీబగ్గర్. నడుస్తున్న ప్రోగ్రాంకి అటాచ్ అవ్వబోతే కుదరడం లేదు. పైథాన్ డీబగ్గర్ డీబగ్‌పై పోర్టు 5678 అని చదివాను, దాన్ని 0.0.0.0 మీద, అంటే నెట్‌వర్క్‌లో అందరికీ అందేలా, తెరిచి లాప్‌టాప్ నుంచి పట్టుకోవాలా?

మేడమీద_సర్వర్ · సోమవారం, సాయంత్రం 5:05

0.0.0.0 వద్దే వద్దు. ఆ పోర్టుకి కీ లేదు, పాస్‌వర్డ్ లేదు, ఎవరు కలిస్తే వాళ్లు మీ ప్రోగ్రాం లోపల తమ కోడ్ నడపగలరు. ఇన్ని రోజులు కీ కోసం పడిన కష్టమంతా పక్క కిటికీ తెరిచి పోగొట్టుకున్నట్టు అవుతుంది. 127.0.0.1 మీదే, అంటే ఆ సర్వర్ లోపలివాళ్లకే అందేలా, తెరవండి. విండో కనిపించేది మీ లాప్‌టాప్‌లో అయినా, రిమోట్ ఎస్‌ఎస్‌హెచ్‌లో డీబగ్గర్ నడిచేది సర్వర్‌లోనే, కాబట్టి లాంచ్ ఫైలులో లోకల్‌హోస్ట్ అని రాస్తే అది సర్వర్ లోకల్‌హోస్టే.

నడుస్తున్నదానికి ప్రోసెస్ నంబరుతో అటాచ్ కాకపోవడానికి ఉబుంటులో పీట్రేస్ స్కోప్ అనే సెట్టింగ్ 1 ఉండటం ఒక కారణం, మీరు పుట్టించని ప్రోసెస్‌లోకి చూడనివ్వదు. పైగా రాత్రి పని వేరే యూజర్ కింద నడుస్తుంటే అది ఇంకో అడ్డు. ఆ పీట్రేస్ సెట్టింగ్‌ని సడలించాల్సిన పని లేదు. ఈ రాత్రి ఆగిపోతే ముందు సూడోతో పైస్పై అనే టూల్‌తో డంప్ తీయండి, ఏ లైను దగ్గర కూర్చుందో చెబుతుంది. నెట్‌వర్క్ నుంచి జవాబు కోసం నిలబడ్డ ప్రోగ్రాంని డీబగ్గర్‌లో పాజ్ నొక్కినా ఆగకపోవచ్చు, డంప్ అయితే అప్పుడూ వస్తుంది. ఆ లైను తెలిశాక మీరే డీబగ్‌పైతో ప్రోగ్రాం మొదలుపెట్టి అక్కడ బ్రేక్‌పాయింట్ పెట్టండి.

గోదావరి_గట్టు · మంగళవారం, ఉదయం 8:50

దొరికింది!!

రాత్రి ఆగింది, పొద్దున ఆరింటికి డంప్ తీశాను. పైన సాకెట్ రీడ్, కిందికి వస్తే రిక్వెస్ట్స్ లైబ్రరీ (లింకుల నుంచి ఫైళ్లు తెచ్చేది), ఇంకా కింద నా ఫైలులో 212వ లైను. కొన్ని పాత బిల్లుల్లో స్కాన్ బొమ్మకి లింక్ ఉంటుంది, దాన్ని తెచ్చే లైను అది. టైమౌట్ ఇవ్వలేదు. రిక్వెస్ట్స్‌లో మనం ఇవ్వకపోతే టైమౌట్ ఉండదు, జవాబు రాకపోతే అలా కూర్చునే ఉంటుంది.

తర్వాత వీఎస్ కోడ్ నుంచి సర్వర్ మీదే బ్రేక్‌పాయింట్ పెట్టి నడిపాను. 212 మీద పసుపు గీత ఆగింది, మౌస్ పెట్టగానే లింక్ కనిపించింది. ఆఫీసులో ఎప్పుడో వాడటం మానేసిన పాత ఫైల్ సర్వర్ పేరు. ఆ పెట్టె ఇంకా ఆన్‌లోనే ఉంది, కనెక్షన్ తీసుకుంటుంది, జవాబు మాత్రం ఇవ్వదు. నా లాప్‌టాప్‌లో ఎందుకు ఆగలేదో కూడా అప్పుడే అర్థమైంది. మా ఇంట్లో ఆ పేరే దొరకదు, వెంటనే ఎర్రర్ వచ్చి నా కోడ్ ఆ బిల్లును దాటేసి ముందుకు పోతుంది. రాజమండ్రిలో కూర్చుని వెయ్యిసార్లు నడిపినా ఇది కనిపించేది కాదు.

టైమౌట్ పది సెకన్లు పెట్టాను, దాటేసిన బిల్లుల పేర్లు వేరే ఫైలులో రాయిస్తున్నాను. ఇవాళ రాత్రి చూడాలి. మేడమీద గారూ, నల్గొండ గారూ, డల్లాస్ గారూ, మీ అందరి మేలు మర్చిపోను.

కోనసీమ_కోడర్ · మంగళవారం, ఉదయం 9:30

చాలా సంతోషం గట్టు గారూ. ఎవరైనా పైన 9:58 పోస్టు దగ్గరే చదవడం ఆపి 777 కొట్టేస్తారేమోనని మోడరేటర్ గారిని అడిగాను, దాని మీదే ఇలా చేయకండి, కింద 11:41 పోస్టు చూడండి అని ఎర్ర అక్షరాల్లో పెడతామన్నారు. మా వెబ్‌సైట్ ఫోల్డర్ కూడా 755కి మార్చాను, సైట్ మామూలుగానే నడుస్తోంది.

పలక_బలపం · మంగళవారం, ఉదయం 9:48

గట్టు గారూ, రాత్రి రెండింటికి ఏమైందో రేపు తప్పకుండా రాయండి. నేనూ ఎదురుచూస్తుంటాను.

గోదావరి_గట్టు · బుధవారం, ఉదయం 6:35

రెండింటికి మొదలైంది, 2:26కి అయిపోయింది. దాటేసినవి పదకొండు బిల్లులు.